వందేళ్ల కిందటి గాలివానను ఓడల లాగ్‌బుక్కులు ఎలా చెబుతాయి?

1881 జూన్ 13న సైబీరియాకు ఉత్తరాన, మంచు పలకల మధ్య నలిగి జీనెట్ అనే అమెరికన్ ఓడ మునిగిపోయింది. అప్పటికి ఇరవై ఒక్క నెలలుగా అది మంచులో ఇరుక్కుని, మంచు ఎటు జరిగితే అటు కొట్టుకుపోతూ ఉంది. అందులోని 33 మంది తిండి సామాన్లూ పడవలూ మంచు మీద లాక్కుంటూ దక్షిణం వైపు నడిచారు. కెప్టెన్ జార్జ్ డి లాంగ్ ఆ బరువులో ఓడ లాగ్‌బుక్కుల్ని, అంటే ఓడలో రోజువారీ వివరాలు రాసే పుస్తకాల్ని కూడా మోయించాడు. లీనా నది డెల్టా చేరాక ఆకలికీ చలికీ ఆయన ప్రాణం పోయింది. ఆయన వెంట ఉన్నవాళ్లలో ఎక్కువమందీ అక్కడే పోయారు. మొత్తం మీద బతికి బయటపడింది 13 మంది. వాళ్లలో ఒకడైన ఇంజినీర్ జార్జ్ మెల్విల్ వెనక్కి వెళ్లి వెతికి ఆ పుస్తకాల్ని తెచ్చాడు. ఇప్పుడవి అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఆ పుస్తకాల్లో వీరగాథలేమీ ఉండవు. గాలి ఎటు నుంచి వీస్తోంది, ఎంత బలంగా ఉంది, గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్ ఎంత చూపిస్తోంది, చలి ఎంత, ఆకాశం ఎలా ఉంది అన్న వివరాలు గంటగంటకూ రాసి ఉంటాయి. 130 ఏళ్ల తర్వాత ఎక్కడెక్కడి మనుషులో తమ ఇళ్లలో కూర్చుని ఆ పేజీల ఫొటోలు చూస్తూ ఒక్కో అంకెనూ కంప్యూటర్లోకి ఎక్కించారు. పైసా జీతం లేదు. చాలామందికి వాతావరణ శాస్త్రంతో సంబంధమూ లేదు. ఇంత శ్రమ ఎందుకన్నది అర్థం కావాలంటే ముందు ఒక ఇబ్బంది సంగతి తెలియాలి.

భూమి మీద ఎండా వానా ఎలా మారుతున్నాయో చెప్పాలంటే పాత లెక్కలు కావాలి. భూమి ఉపరితలంలో దాదాపు 70 శాతం సముద్రమే. ఉపగ్రహాలు భూగోళమంతా కనిపెట్టుకుని ఉండడం 1970ల చివర్లో గాని గట్టిగా మొదలవలేదు. అంతకు ముందు సముద్రం మీద వాతావరణం ఎలా ఉండేదో చూసి రాసింది దాదాపుగా ఓడల్లోని వాళ్లే. నడిసముద్రంలో ఆ రోజు ఓడ లేకపోతే అక్కడి వాతావరణం ఎక్కడా నమోదు కాదు.

నావికులు రాసింది వాతావరణ శాస్త్రం కోసం కాదు, ప్రాణం కాపాడుకోవడం కోసం. బారోమీటర్ పడిపోతుంటే తుఫాను వస్తోందని అర్థం. ఈ రాతలన్నిటినీ ఒక పద్ధతిలో పెట్టాలని గట్టిగా పట్టుబట్టినవాడు అమెరికా నౌకాదళ అధికారి మాథ్యూ ఫాంటేన్ మౌరీ. ఆయన చొరవతోనే 1853లో బ్రస్సెల్స్‌లో పది దేశాల ప్రతినిధులు కూర్చుని, ఓడలన్నీ ఒకే నమూనాలో వాతావరణ వివరాలు రాయాలని ఒప్పుకున్నారు. గాలి బలానికి బ్యూఫోర్ట్ కొలమానం అంతకు ముందే వచ్చింది. సున్నా అంటే ఆకు కదలని ప్రశాంతత, 12 అంటే హరికేన్. అంకెతో పాటు ఆకాశానికీ అక్షరాల గుర్తులు ఉండేవి: నీలాకాశానికి 'బి', మబ్బులకు 'సి', వానకు 'ఆర్', ఉరుముకు 'టి', చూడగానే భయం పుట్టించే ఆకాశానికి 'యు'.

మొదటి ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ నౌకాదళ లాగ్‌బుక్ పేజీ చూస్తే, నాలుగు గంటలకొకసారి, డ్యూటీ చేతులు మారే వేళకు, గాలి దిశ, గాలి బలం, ఆకాశం, బారోమీటర్, గాలి వేడి, సముద్రపు నీటి వేడి వరసగా కనిపిస్తాయి. మధ్యాహ్నానికి ఓడ ఏ అక్షాంశ రేఖాంశాల మీద ఉందో ఉంటుంది. పక్కన మార్జిన్‌లో రోజువారీ పనులు: డెక్కు కడిగారు, బొగ్గు ఎక్కించారు, ఫలానావాణ్ని శిక్షించారు, ఫలానావాడు జబ్బుతో ఆస్పత్రికి వెళ్లాడు.

ఓల్డ్ వెదర్ అనే ప్రాజెక్టు 2010 అక్టోబరులో మొదలైంది ఈ పుస్తకాలతోనే. బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్, మామూలు జనం ఇంటర్నెట్‌లో శాస్త్ర పనులకు సాయపడే జూనివర్స్ సైట్‌ను ఆక్స్‌ఫర్డ్ నుంచి నడిపే బృందం, మరికొన్ని సంస్థలు కలిసి చేశాయి. లండన్ శివార్లలోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ నుంచి దాదాపు 280 యుద్ధనౌకల లాగ్‌బుక్కుల ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. యుద్ధనౌకలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. యుద్ధ కాలంలో వ్యాపార ఓడల నుంచి వచ్చే సమాచారం బాగా తగ్గిపోయింది. నౌకాదళం మాత్రం రాయడం ఆపలేదు. ఆ పుస్తకాలు ఆర్కైవ్స్‌లో భద్రంగానే ఉన్నా, వాటిలోని అంకెలు కంప్యూటర్లకు అందలేదు.

పదహారు వేల మందికి పైగా వాలంటీర్లు చేరారు. ఒక ఓడను ఎంచుకుని పేజీలు ఎక్కిస్తూ పోతే కాడెట్ నుంచి లెఫ్టినెంట్ అవుతారు. ఆ ఓడ పేజీలు అందరికంటే ఎక్కువ ఎక్కించినవాళ్లు కెప్టెన్. మొదటి దశలోనే దాదాపు 16 లక్షల వాతావరణ పరిశీలనలు బయటికొచ్చాయి. ఆ తర్వాత అమెరికన్ ఓడలు, ఆర్కిటిక్‌లో తిరిగినవి, చేరాయి. జీనెట్ వాటిలో ఒకటి.

ఇక్కడ ఎవరికైనా వచ్చే అనుమానం: ముక్కూ మొహం తెలియని మనుషులు కొట్టిన అంకెల్ని ఎలా నమ్మడం? మొదట్లో ప్రతి పేజీనీ ముగ్గురికి విడివిడిగా ఇచ్చారు. బారోమీటర్ అంకెను ముగ్గురూ 29.83 అని చదివితే సరే. ఇద్దరు 29.83 అనీ ఒకరు 29.33 అనీ చదివితే ఎక్కువమంది మాటే తీసుకుంటారు. పాత చేతిరాతల్లో 3కీ 8కీ, 1కీ 7కీ తేడా పట్టుకోవడం నిజంగానే కష్టం. పై గడిలో ఉన్నదే మళ్లీ అని చెప్పే రెండు చిన్న గీతల్ని కూడా అంకెలుగా పొరబడే ప్రమాదం ఉంది.

అయితే వాలంటీర్లు చక్కగా చదివినా, అసలు రాసినవాడే తప్పు రాసి ఉండవచ్చు. తూర్పు రేఖాంశానికి బదులు పడమర అని రాసేస్తే మ్యాపులో ఓడ సముద్రంలోంచి ఎగిరి ఎక్కడో నేల మీద తేలుతుంది. అలా తేలినప్పుడే తప్పు దొరుకుతుంది. తేదీలతో ఇంకో తంటా ఉంది. బ్రిటిష్ నౌకాదళంలో 1805 వరకూ రోజు మధ్యాహ్నం పన్నెండుకు మొదలయ్యేది. అంటే మనం సోమవారం సాయంత్రం అనుకునేది లాగ్‌బుక్కులో మంగళవారం కింద ఉంటుంది. ఇది తెలియకుండా అంకెలు తీసుకుంటే ఒక తుఫాను మొత్తం ఒక రోజు పక్కకు జరుగుతుంది.

అంకెల నుంచి వాతావరణ పటం

సరే, అంకెలన్నీ చేరాయి. పసిఫిక్‌లో ఒక చోట 1916లో ఒక రోజు బారోమీటర్ ఇంత ఉందని తెలిస్తే మనకు ఏం ఒరుగుతుంది?

బారోమీటర్ చెప్పేది ఆ చోటు మీదున్న గాలి స్తంభం బరువు. ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ ఉంటే ఆ తేడా వల్లే గాలులు వీస్తాయి. భూమి తిరగడం వల్ల అవి ఎటు వంగుతాయో భౌతిక సూత్రాలు చెబుతాయి. కాబట్టి ఒకే సమయంలో తగినన్ని చోట్ల గాలి ఒత్తిడి తెలిస్తే, కొలవని చోట్ల ఏం జరిగి ఉండాలో చాలావరకు లెక్కకట్టవచ్చు. ఈ పనికి రీఅనాలసిస్ అని పేరు. ఇవాళ రేపటి వాతావరణం చెప్పడానికి వాడే కంప్యూటర్ మోడల్‌నే గతం వైపు తిప్పి నడుపుతారు. మోడల్ కొన్ని గంటలు ముందుకు వెళ్లి ఒక అంచనా వేస్తుంది. ఆ వేళకు ఓడల్లో, ఒడ్డున రాసిన అసలు రీడింగులతో దాన్ని సరిచేస్తారు. మళ్లీ ముందుకు నడుపుతారు. ఇలా రోజుకు కొన్నిసార్లు చొప్పున దాదాపు రెండు శతాబ్దాల పాటు.

అమెరికాలో తయారైన ట్వెంటియత్ సెంచరీ రీఅనాలసిస్ మూడో వెర్షన్ 1836 నుంచి 2015 వరకూ వాతావరణాన్ని ఇలాగే తిరిగి కట్టింది. పేరులో ఇరవయ్యో శతాబ్దం ఉన్నా అంతకు ముందుకూ వెళ్లింది. వాతావరణంలో నుంచి అది తీసుకునే కొలత ఒక్కటే, ఉపరితలం దగ్గర గాలి ఒత్తిడి. సముద్రపు వేడి, సముద్రపు మంచు వివరాల్ని విడిగా ఇస్తారు. ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఏమిటంటే, ఇది ఒక్క జవాబు చెప్పి ఊరుకోదు. ఒకే రోజుకు 80 అంచనాలు వేస్తుంది. ఆ 80 దగ్గరదగ్గరగా ఉంటే ఆ రోజు అక్కడ ఏం జరిగిందో మనకు బాగా తెలుసన్నమాట. చెల్లాచెదురుగా ఉంటే తెలియదన్నమాట. తనకు ఎంత తెలియదో కూడా అదే చెబుతుంది. అంచనాలు చెదిరి ఉన్న చోటికి కొత్తగా ఎక్కించిన ఒక లాగ్‌బుక్ రీడింగులు చేరాయంటే అవి దగ్గరికి వస్తాయి. వాలంటీర్ కష్టం శాస్త్రంలో ఎక్కడ కలుస్తుందని అడిగితే, సరిగ్గా అక్కడే.

అందుకే ఓడలు తిరగని దారుల పుస్తకాలకు విలువ ఎక్కువ. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక ఐరోపా నుంచి ఆసియాకు వచ్చే ఆవిరి ఓడలు ఎర్ర సముద్రం దారి పట్టాయి. ఆఫ్రికా దక్షిణ కొన చుట్టూ, దక్షిణ హిందూ మహాసముద్రం మీదుగా వచ్చే దారిలో రద్దీ తగ్గింది. వ్యాపారానికి దారి దగ్గరైంది, వాతావరణ లెక్కల్లో మాత్రం సముద్రంలో ఒక పెద్ద భాగం మసకబారింది. ఆ తర్వాత కూడా అటు వెళ్లిన కొద్దిపాటి ఓడలు, తిమింగలాల వేట ఓడలు సహా, రాసిన ప్రతి పేజీ ఇప్పుడు వెతికి పట్టుకోవాల్సిందే.

అంకె కంటే దాని వెనక సంగతి ముఖ్యం

ఈ మొత్తం వ్యవహారంలో నేను అందరికీ చెప్పాలనుకునేది ఇదే. ఒక రీడింగ్ ఎంతో తెలిస్తే సరిపోదు. దాన్ని ఎవరు, దేనితో, ఏ వేళ కొలిచారో తెలియాలి. అది తెలియకపోతే లక్షల అంకెలు కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. పట్టించాయి కూడా.

సముద్రపు నీటి వేడి తీసుకోండి. పాత పద్ధతిలో గుడ్డ బకెట్ ఒకటి సముద్రంలోకి దించి, నీళ్లు పైకి లాగి, అందులో థర్మామీటర్ పెడతారు. గుడ్డలోంచి తడి ఊరి గాలికి ఆరుతుంటే నీళ్లు చల్లబడతాయి. మట్టి కుండలో నీళ్లు చల్లగా ఉండడానికి కారణమూ అదే. డెక్కు మీద రెండు నిమిషాలు ఆలస్యమైతే ఉన్నదాని కంటే తక్కువ వేడి నమోదవుతుంది. తర్వాతి కాలంలో చాలా ఓడల్లో ఇంజిన్‌ను చల్లబరచడానికి లోపలికి తీసుకునే నీటి గొట్టం దగ్గరే వేడి చూసేవారు. అక్కడ కాస్త ఎక్కువ వస్తుంది.

ఇప్పుడు 1945కి వద్దాం. పాత లెక్కల్లో ఆ ఏడు ఆగస్టు తర్వాత ప్రపంచ సగటు ఉష్ణోగ్రత హఠాత్తుగా 0.3 డిగ్రీలు పడిపోయినట్టు కనిపించేది. 2008లో డేవిడ్ థాంప్సన్, ఆయన సహచరులు దీని గుట్టు విప్పారు. యుద్ధం చివరి ఏళ్లలో రికార్డుల్లోకి చేరిన సముద్రపు రీడింగుల్లో దాదాపు 80 శాతం అమెరికన్ ఓడలవి, 5 శాతం బ్రిటిష్ ఓడలవి. అమెరికన్లది ఎక్కువగా ఇంజిన్ గొట్టం పద్ధతి. యుద్ధం ముగియగానే బకెట్ వాడే బ్రిటిష్ ఓడల వాటా దాదాపు సగానికి పెరిగింది. సముద్రం చల్లబడలేదు, కొలిచే చేతులు మారాయి. శతాబ్దం మొత్తానికి భూమి ఎంత వేడెక్కిందో డిగ్రీలో పదో వంతుల్లో వాదించుకునే చోట, ఈ 0.3 చిన్న విషయం కాదు.

ఇంకో ఉదాహరణ జపాన్‌ది. 1930ల్లో జపాన్ ఓడలు రాసిన రీడింగుల్ని తర్వాత అమెరికాలో కంప్యూటర్ కార్డుల మీదికి ఎక్కించినప్పుడు దశాంశం తర్వాతి అంకెను వదిలేశారు. 18.7 కాస్తా 18 అయింది. దీనివల్ల ఉత్తర పసిఫిక్ ఉన్నదానికంటే చల్లగా కనిపించింది. 2019లో డువో చాన్, పీటర్ హైబర్స్ తదితరులు దీన్ని సరిచేశాక, ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఉత్తర పసిఫిక్, ఉత్తర అట్లాంటిక్ వేడెక్కిన తీరులో అంతకు ముందు విచిత్రంగా కనిపించిన తేడా చాలావరకు పోయింది. ఎవరో ఒక ఆఫీసులో వదిలేసిన ఒక్క అంకె, దశాబ్దాల పాటు శాస్త్రవేత్తల బుర్రలు తినేసింది. ఎక్కించేటప్పుడు పేజీలో ఉన్నది ఉన్నట్టు రాయండి, మీ తెలివితో సవరించకండి అని వాలంటీర్లకు పదేపదే చెప్పేది ఇందుకే.

రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికన్ యుద్ధనౌకల పుస్తకాల మీద బ్రిటన్‌లోని రెడింగ్ యూనివర్సిటీ పరిశోధకులు వాలంటీర్లతో పని చేయించారు. హవాయి కేంద్రంగా ఉన్న పసిఫిక్ నౌకాదళంలో 19 ఓడలు, 1941 నుంచి 1945 వరకు. నాలుగు వేల మందికి పైగా వాలంటీర్లు 28 వేల పేజీల ఫొటోలు చదివి 30 లక్షలకు పైగా పరిశీలనలు ఎక్కించారు. యుద్ధ కాలం మామూలు కంటే వేడిగా ఉన్నట్టు పాత లెక్కలు చెప్పడానికి ఒక కారణం, రాత్రి రీడింగులు తగ్గి పగటివి పెరగడమేనన్న వాదన ఉంది. చీకట్లో డెక్కు మీద దీపం వెలిగిస్తే శత్రువుకు కనిపిస్తారు కదా! ఈ వాదన ఎంతవరకు నిజమో తేల్చాలంటే గంటగంటకూ రాసిన ఇలాంటి పుస్తకాలే కావాలి.

మార్జిన్ రాతల విలువా ఇక్కడే తెలుస్తుంది. 1918లో పశ్చిమాఫ్రికాలోని ఫ్రీటౌన్ రేవులో ఉన్న హెచ్.ఎమ్.ఎస్. ఆఫ్రికా ఓడలో ఇన్‌ఫ్లుయెంజా పాకి యాభై మంది దాకా చనిపోయారు. ఆ ఓడ పేజీలు ఎక్కిస్తున్నవాళ్లు గాలి ఒత్తిడి రాస్తూ రాస్తూ జబ్బుపడ్డవాళ్ల జాబితా పెరగడం, అంత్యక్రియలు జరగడం రోజువారీగా చదవాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లోనూ బారోమీటర్ గడి నింపిన మనిషి గురించి ఆలోచిస్తే నాకు గౌరవం కలుగుతుంది.

మన తీరానికి దీనితో ఉన్న సంబంధం

బంగాళాఖాతం తుఫాన్ల దారుల గురించి భారత వాతావరణ శాఖ అట్లాస్ 1891 నుంచి మొదలవుతుంది. అంతకు ముందు మన తీరాన్ని ముంచిన పెద్దవి దాని పరిధిలోకి రావు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి కాకినాడ దగ్గరి కోరంగిని తుడిచిపెట్టిన ఉప్పెనలు గానీ, 1864 నవంబరు 1న ముప్పై వేల మంది దాకా ప్రాణాలు తీసిన మచిలీపట్నం ఉప్పెన గానీ అందులో ఉండవు. వందేళ్లకో, రెండొందల ఏళ్లకో ఒకసారి వచ్చే తుఫాను ఎంత పెద్దదిగా ఉండవచ్చో లెక్కకట్టాలంటే ఇలాంటివే కావాలి. ఓడరేవులు, కరకట్టలు, తుఫాను షెల్టర్లు ఎంత ఎత్తులో కట్టాలన్నది ఆ లెక్క మీదే ఆధారపడుతుంది.

1839 కోరంగి తుఫానును అప్పట్లోనే ఓడల లాగ్‌బుక్కుల సాయంతో పరిశీలించినవాడు ఒకడున్నాడు. కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్. సైక్లోన్ అన్న పేరు పెట్టింది ఆయనే. తుఫానులో చిక్కుకుని బయటపడిన ఓడల పుస్తకాలు తెప్పించుకుని, ఒక్కో ఓడకు ఏ వేళకు గాలి ఏ దిక్కు నుంచి వీచిందో పటం మీద గుర్తించేవాడు. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి, గాలికి ఎదురుగా నిలబడితే తుఫాను కేంద్రం సుమారుగా కుడివైపు ఉంటుంది. వేర్వేరు చోట్ల ఉన్న రెండు ఓడల నుంచి అలా రెండు గీతలు గీస్తే, అవి కలిసిన చోటికి అటూఇటూగా కేంద్రం ఉన్నట్టు. మర్నాటికీ అలాగే గీస్తే తుఫాను ఎటు కదిలిందో తెలుస్తుంది. కోరంగి తుఫాను మీద ఆయన రాసిన వ్యాసం బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. ఇవాళ్టి రీఅనాలసిస్ చేసేది మూలంలో ఈ పనే. కాకపోతే వేల ఓడలతో, భౌతిక సూత్రాలన్నిటితో చేస్తుంది.

అంతకు ముందు కాలానికి ఈస్టిండియా కంపెనీ ఓడలున్నాయి. 1789 నుంచి 1834 వరకు ఇంగ్లండ్ నుంచి ఇండియాకో చైనాకో వచ్చి తిరిగి వెళ్లిన కంపెనీ ఓడల పుస్తకాలు 891 డిజిటైజ్ చేస్తే, 2,73,000 కొత్త వాతావరణ రికార్డులు దొరికాయి. మన సంపదను తరలించుకుపోయిన ఓడలే మన సముద్రపు గాలుల లెక్కనూ మోసుకెళ్లాయి. ఆ పుస్తకాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఇక ఒడ్డు మీది కొలతలు మనవాళ్లూ తీసుకున్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంతంగా అబ్జర్వేటరీ పెట్టాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ తర్వాత వాతావరణ పరిశీలనలు సాగించాడు. ఓడ రీడింగును పోల్చి చూసుకోవడానికి ఇలా ఒకే చోట ఏళ్ల తరబడి సాగిన కొలతలు చాలా అవసరం.

కరువుల సంగతీ ఇంతే. రాయలసీమలో ధాత కరువుగా చెప్పుకునే 1876-78 కరువు వెనక పసిఫిక్‌లో అతి తీవ్రమైన ఎల్ నినో, హిందూ మహాసముద్రంలో పడమర వైపు వేడెక్కి తూర్పు వైపు చల్లబడే మార్పు, వెచ్చబడ్డ ఉత్తర అట్లాంటిక్ మూడూ కలిశాయని 2018లో దీప్తి సింగ్, సహచరులు చూపించారు. ధాన్యం ఎగుమతులు, వలస పాలన నిర్దయ కలిసి ఆ అనావృష్టిని మహా కరువుగా మార్చాయన్నది వేరే పెద్ద కథ. ఇక్కడ అడగాల్సింది ఒకటే: 1877లో పసిఫిక్ నీళ్లు వేడెక్కాయని మనకెలా తెలుసు? ఆ ఏడు అటుగా వెళ్లిన ఓడలవాళ్లు బకెట్లు దించి చూసి రాయడం వల్లే. అప్పటి రీడింగులు పలచగా ఉన్నాయి. మూడు సముద్రాలూ ఒకేసారి అలా మళ్లీ ఎప్పుడు కలిసి రావచ్చో చెప్పాలంటే అవి చిక్కబడాలి.

కంప్యూటర్లే చదివేయవా అని అడిగేవారుంటారు. అచ్చు అక్షరాల్ని యంత్రాలు ఎప్పటి నుంచో చదువుతున్నాయి. చేతిరాత చదవడంలోనూ ఈమధ్య బాగా మెరుగుపడ్డాయి. కానీ యంత్రం సరిగ్గా చదివిందో లేదో తేల్చడానికి, దానికి నేర్పడానికి, మనుషులు చదివి సరిచూసిన పేజీలు కావాలి. సిరా చెదిరిన చోట, గడి దాటి రాసిన చోట, అంకె పక్కన 'బారోమీటర్ మార్చాం' అని ఎవరో గిలికిన చోట మనిషి కన్ను ఇంకా అవసరమే. అసలు ఇంకా ఫొటోలు కూడా తీయని పుస్తకాలు ఆర్కైవుల అరల్లో చాలా ఉన్నాయి.

ఈ పనికి తెలుగువాళ్లు ఎందుకు ఎక్కువగా రాకూడదని నాకు తరచూ అనిపిస్తుంది. పాత ఇంగ్లీషు కలిపిరాత చదవడం ఇప్పటి అమెరికన్ కుర్రాళ్లలో చాలామందికి కష్టం. మనలో చాలామంది నాలుగు గీతల కాపీ పుస్తకాల్లో కర్సివ్ దిద్ది పెరిగినవాళ్లమే. జూనివర్స్ సైట్‌లో వాతావరణ రికార్డుల ప్రాజెక్టులు ఒకటి పూర్తయితే ఇంకొకటి వస్తుంటాయి. ఖాతా కూడా లేకుండా మొదలుపెట్టవచ్చు. ఫోన్‌లో కంటే కాస్త పెద్ద స్క్రీన్ మీద సులువు. తొలి పేజీలు నెమ్మదిగానే సాగుతాయి. రాసిన ఆఫీసర్ 7కు అడ్డగీత పెడతాడా, 4ను మూస్తాడా అన్నది తెలిశాక చెయ్యి తిరుగుతుంది. నాలుగు గంటలకొకసారి డ్యూటీ మారి ఇంకొకరి చేతిరాత వస్తే మళ్లీ మొదటి నుంచి అలవాటు చేసుకోవాలి. చదవలేని గడి వస్తే ఊహించి నింపకుండా ఖాళీగా వదిలేయండి. అదే పేజీని చూసే మరొకరికి అది తెలియవచ్చు.